అర్ధరాత్రి తలుపు కొట్టింది పోలీసులని తెలియక బ్యాట్ ఎత్తితే కేసు ఎవరి మీద?

#1 బ్యాచిలర్_గది

అందరికీ నమస్కారం. మేం నలుగురం హైదరాబాద్ శివార్లలో ఒక ఇంటి పై అంతస్తులో అద్దెకు ఉంటున్నాం. కాలనీ పేరు, స్టేషన్ పేరు చెప్పను, వాటితో పని లేదు. మొన్నామధ్య రాత్రి పదకొండు దాటాక తలుపు దబదబా బాదారు. కిటికీలోంచి చూస్తే ముగ్గురున్నారు, ముగ్గురూ మఫ్టీలోనే. "తలుపు తీయండ్రా" తప్ప ఇంకో మాట లేదు. మా రూమ్మేట్ దొంగలనుకుని క్రికెట్ బ్యాట్ పట్టుకుని తలుపు పక్కన నక్కాడు. ఇంతలో కింద నుంచి ఇంటి ఓనరు "పోలీసులు బాబూ, కార్డన్ సెర్చ్ అంట, కాలనీ చుట్టుముట్టి ఇల్లిల్లూ వెతుకుతున్నారు" అని అరిచాడు. అప్పుడు గడియ తీశాం. బీరువా, బ్యాగులు, పరుపుల కింద అంతా వెతికారు. ఫోన్లు అన్‌లాక్ చేయించి వాట్సాప్ చూశారు. ఆర్సీ చూపించలేదని కింద పార్క్ చేసిన బండొకటి పట్టుకెళ్లారు. ఒక్క కాగితం ముక్క చేతికివ్వలేదు.

బండి మర్నాడే వచ్చేసింది, దాని గురించి కాదు నా బాధ. ఓనరు ఆ మాట అరవకపోయి ఉంటే? తలుపు విరిగి, మావాడు బ్యాట్ ఊపి ఉంటే? అది ఆత్మరక్షణ కిందికి వస్తుందా, పోలీసు మీద దాడి కిందికి వస్తుందా?

#2 కడప_కారం

ముందు ఎఫ్ఐఆర్ కిందికి వస్తాది సామీ. ఆత్మరక్షణో దాడో తర్వాతెప్పుడో కోర్టులో తేలుతుంది. అంతవరకూ మీవోడు వాయిదాలకు తిరుగుతాంటాడు.

#3 నల్లకోటు

కడప గారు అన్నది జరిగేదే. చట్టం ఏమంటోందో కూడా తెలుసుకుని ఉంటే మంచిది.

ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్)లో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లలో ఉంది. పాత ఐపీసీలో 96 నుంచి 106. 2024 జులై 1 తర్వాత జరిగినవాటికి కొత్త నంబర్లే. మీ ప్రశ్న తేలేది సెక్షన్ 37 దగ్గర, అంటే పాత 99. ప్రభుత్వోద్యోగి తన హోదాలో, సదుద్దేశంతో ఒక పని చేస్తుంటే, దానివల్ల ప్రాణం పోతుందనో తీవ్ర గాయమవుతుందనో సహేతుకమైన భయం లేనప్పుడు, మీకు ఎదురుతిరిగే హక్కు లేదు. ఆ పని చట్టప్రకారం నిక్కచ్చిగా లేకపోయినా సరే. మా కోర్టుకు వచ్చే కుర్రాళ్లు దెబ్బతినేది ఇక్కడే. "వారంటు చూపించలేదండీ, అందుకే నెట్టాను" అంటారు. వారంటు లోపం గురించి తర్వాత ఎంతైనా కొట్లాడొచ్చు గానీ, గుమ్మంలో చేయి చేసుకోవడానికి అది చాలదు. బీఎన్ఎస్ 132 కింద రెండేళ్ల వరకు, గాయమైతే 121 కింద ఐదేళ్ల వరకు, ఎముక విరిగితే పదేళ్ల వరకు జైలు ఉంది.

అయితే ఆ 37కే ఒక వివరణ తగిలించి ఉంది. ఎదుటివాడు ప్రభుత్వోద్యోగి అని మీకు తెలిసి ఉండాలి, లేదా అలా నమ్మడానికి కారణమైనా ఉండాలి. రెండూ లేకపోతే మీ హక్కు చెక్కుచెదరదు. మఫ్టీ, అర్ధరాత్రి, పేరూ హోదా చెప్పకపోవడం, ఇవన్నీ మీ రూమ్మేట్‌కు అనుకూలం. ఓనరు అరిచిన క్షణం నుంచి ఇవేవీ పనికిరావు.

ఇంకో మెలిక. ప్రభుత్వ రక్షణ కోరే వ్యవధి ఉన్నప్పుడు ఆత్మరక్షణ హక్కు లేదని కూడా అదే సెక్షన్ అంటుంది. గడియ వేసి ఉండగా ఫోన్ చేతిలో ఉంటే 100కో 112కో కొట్టండి. వచ్చింది దొంగలైతే పోలీసులొస్తారు. వచ్చింది పోలీసులే అయితే, వాళ్లెవరో మీకు తెలియదని చెప్పే రికార్డు వాళ్ల కంట్రోల్ రూమ్‌లోనే ఉంటుంది.

#4 ఓరుగల్లు_పిల్ల

మేడమ్, లా మూడో సంవత్సరం చదువుతున్న. అసలు ఈ కార్డన్ సెర్చ్‌కు చట్టం యాడున్నదో నాకు దొరుకుతలేదు. పేపర్ల "నిర్బంధ తనిఖీలు, పత్రాలు లేని వాహనాలు స్వాధీనం" అని వస్తది. బీఎన్ఎస్ఎస్ (సీఆర్పీసీ జాగల వచ్చిన నేర విచారణ పద్ధతి చట్టం) మొత్తం తిరగేసిన, ఆ పేరుతోటి సెక్షనే లేదు. 185 ఉన్నది గానీ అది వేరే కదా?

#5 పాత_హెచ్‌సీ

నేను హెడ్ కానిస్టేబుల్‌గా రిటైర్ అయిన. సర్వీసంత రాత్రిళ్లు తలుపులు కొట్టుడే. ఒక్క మాట చెప్తా, కోపం తెచ్చుకోకుండ్రి. తలుపు ఇవతల నిలవడ్డోనికి గూడ లోపల ఏమున్నదో తెల్వదు. 2020 జులైల కాన్పూర్ దగ్గర బిక్రూ ఊర్ల రౌడీషీటర్‌ను పట్టుకొస్తమని పోయిన పోలీసోళ్లు ఎనిమిది మంది చచ్చిపోయిన్రు. మిద్దెల మీదికెళ్లి కాల్చిన్రు. రాత్రి పోయేటోని గుండెల గదే ఉంటది.

అట్లని ఈ పిల్లగాడు చెప్పినట్టు పోవుడు మా కాలంల గూడ పద్ధతి గాదు. ముందల యూనిఫాంల ఎస్సై ఉండాలె, "ఫలానా స్టేషన్" అని పేరు జెప్పాలె, లోపల ఆడోళ్లుంటే లేడీ కానిస్టేబుల్ ఉండాలె. ముగ్గురు మఫ్టీల ముందుగాల పోయిన్రంటే టీమ్‌ను నడిపినోనికి తెలివి లేదు.

కార్డన్ సెర్చ్ బంద్ చెయ్యాలంటే మాత్రం నేను ఒప్పుకోను. బస్తీల దొంగ బండ్లు, కత్తులు, గంజాయి దొరికిన రోజులు నేను చూసిన. బస్తీ ఆడోళ్లే "ఇంకోసారి రాండ్రి సార్" అన్నరు.

#6 ఓరుగల్లు_పిల్ల

అంకుల్, గట్ల అడిగిన బస్తీలకే పోతరు గదా! గేటెడ్ కమ్యూనిటీల కార్డన్ సెర్చ్ అయిందని ఎన్నడన్న విన్నరా?

#7 కడప_కారం

చప్పట్లు.

#8 నల్లకోటు

ఓరుగల్లు గారికి: బీఎన్ఎస్ఎస్ 185 (పాత 165) కింద సెర్చ్ చేయాలంటే ముందు దర్యాప్తులో ఉన్న నేరం ఒకటుండాలి. ఫలానా వస్తువు ఫలానా చోట దొరుకుతుందని నమ్మడానికి కారణాలుండాలి. ఆ కారణాలు, ఆ వస్తువేమిటో ముందే కాగితం మీద పెట్టాలి. ఆ నకలు 48 గంటల్లోపు మేజిస్ట్రేటుకు పోవాలి. ఇంటివాళ్లు దరఖాస్తు పెట్టుకుంటే మేజిస్ట్రేటు దాన్ని ఉచితంగా ఇవ్వాలి. వీధి చుట్టూ పోలీసులను నిలబెట్టి వంద ఇళ్లు వరసగా తీసుకుంటూ పోతే ఆ వందకీ ఏ నేరం, ఏ వస్తువు అని రాస్తారు? అందుకే చాలాచోట్ల దీన్ని జనం ఇష్టపడి సహకరించిన కార్యక్రమంగా చూపిస్తారు.

103 ప్రకారం ఇద్దరు స్థానికులు సాక్షులుగా ఉండాలి, ఇంటివాళ్లను దగ్గరుండి చూడనివ్వాలి, తీసుకున్నవాటి జాబితా రాసి సంతకాలు పెట్టించి నకలు ఇవ్వాలి. 105 కొత్తగా వచ్చింది: సెర్చ్ మొత్తం వీడియో తీసి మేజిస్ట్రేటుకు పంపాలి, సెల్‌ఫోన్‌లో తీసినా చాలు. తలుపు విరగ్గొట్టే అధికారం ఉంది, కానీ తామెవరో, ఎందుకొచ్చారో చెప్పి, తలుపు తీయమని అడిగి, తీయకపోతేనే.

ఏ కేసూ లేకుండా గదిలో ఉన్నవాళ్లందరి ఫోన్లూ తెరిపించే అధికారం వీటిలో దేంట్లోనూ నాకు కనబడలేదు.

#9 బ్యాచిలర్_గది

అయితే మేం తలుపు తీశాం కాబట్టి ఇష్టపడి సహకరించినట్టేనా? ఆ టైంలో "వద్దు సార్" అనే ధైర్యం ఎవడికుంటుందండీ.

#10 హ్యూస్టన్_బాబాయి

ఇదే మాట మీద మా ఊళ్లో రెండు ప్రాణాలు పోయాయి కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, విసుక్కోకండి.

2019 జనవరి 28న హ్యూస్టన్‌లో హార్డింగ్ స్ట్రీట్‌లోని ఒక ఇంటి మీదికి నార్కోటిక్స్ పోలీసులు నో-నాక్ వారంటుతో వెళ్లారు. అంటే తలుపు కొట్టి చెప్పనక్కర్లేకుండా దూసుకెళ్లొచ్చని జడ్జి ఇచ్చే అనుమతి. లోపల మధ్యవయసు దంపతులు, ఒక కుక్క. కాల్పుల్లో దంపతులిద్దరూ పోయారు, కుక్క కూడా. నలుగురు పోలీసులకు తూటాలు తగిలాయి. మొదటి రెండు రోజులు టీవీల్లో అంతా "డ్రగ్స్ ఇల్లు, హీరో పోలీసులు". వారంటు కోసం జెరాల్డ్ గోయిన్స్ అనే ఆఫీసరు ప్రమాణం చేసి రాసిచ్చిన దాంట్లో, తన ఇన్‌ఫార్మర్ ఆ ఇంట్లో హెరాయిన్ కొన్నాడని ఉంది. అలాంటి కొనుగోలే జరగలేదని తర్వాత తేలింది. ఆ ఇంట్లో హెరాయినూ దొరకలేదు. 2024లో జ్యూరీ అతన్ని హత్యానేరం కింద దోషి అంది, 60 ఏళ్ల శిక్ష పడింది. ఇది అరుదు. ఇక్కడ మామూలుగా పోలీసులకు ఇంత శిక్ష పడదు.

మీరందరూ విన్నది బ్రియానా టేలర్ కేసు. 2020 మార్చి 13, కెంటకీలో లూయీవిల్, అర్ధరాత్రి దాటాక. ఆవిడ వయసు 26, అంబులెన్సులో అత్యవసర వైద్య సహాయకురాలిగా పనిచేసిన మనిషి. తలుపు పగిలింది, ఆవిడ స్నేహితుడు కెన్నెత్ వాకర్ తన లైసెన్సు తుపాకీతో ఒక్కసారి కాల్చాడు, ఒక పోలీసు తొడకు తగిలింది. పోలీసులు 32 రౌండ్లు కాల్చారు. ఆవిడ చనిపోయింది. తలుపు కొట్టి పోలీసులమని చెప్పామని వాళ్లు, ఎవరో మాకు వినబడలేదని వాకర్. కాల్పులయ్యాక అతను 911కి ఫోన్ చేసి, ఎవరో తలుపు బద్దలుకొట్టి నా గర్ల్‌ఫ్రెండ్‌ను కాల్చారని చెప్పాడు. పోలీసులని తెలిసి కాల్చినవాడు పోలీసులకే ఫోన్ చేస్తాడా? అతని మీద హత్యాయత్నం కేసు పెట్టారు, రెండు నెలలకే వెనక్కి తీసుకున్నారు. 2021లో మళ్లీ పెట్టడానికి వీల్లేకుండా కోర్టు కొట్టేసింది.

నల్లకోటు గారు చెప్పిన "తెలిసి ఉండాలి" అనే మాట టెక్సాస్ చట్టంలోనూ ఉంది. పోలీసు అని తెలిసిన మనిషి చేసే సోదాను, అది అక్రమమైనదైనా సరే, బలంతో అడ్డుకోకూడదు. మీరు ఏమాత్రం ఎదిరించకముందే వాళ్లు అవసరానికి మించిన బలం వాడితేనే మినహాయింపు. మరి ఆ "తెలిసి" అన్నది తేల్చేదెవరు? జ్యూరీ. ఇదే రాష్ట్రంలో రెండు కేసులు చూడండి. 2013 డిసెంబరులో తెల్లవారకముందు హెన్రీ మగీ అనే అతని ఇంటికి గంజాయి కోసం వెళ్లారు. దొంగలనుకున్నానని అతను కాల్చాడు, డిప్యూటీ, అంటే షెరీఫ్ ఆఫీసు పోలీసు ఒకాయన, చనిపోయాడు. కేసు మోపాలా వద్దా తేల్చే గ్రాండ్ జ్యూరీ హత్య కేసు మోపడానికే ఒప్పుకోలేదు. 2014 మేలో కిలీన్ అనే ఊళ్లో మార్విన్ గై ఇంటి మీదికి అలాగే తెల్లవారుజామున వెళ్లారు. అతనూ దొంగలనే అనుకున్నానన్నాడు, డిటెక్టివ్ చనిపోయాడు. తొమ్మిదేళ్లకు పైగా విచారణ కోసం జైల్లో ఉండి, 2023లో యావజ్జీవం పడింది. మగీ తెల్లవాడు, గై నల్లవాడు. ఏ కేసు వివరాలు ఆ కేసువే అంటారు మా లాయరు మిత్రులు. నేను కాదనను, కానీ రెండూ పక్కపక్కన పెట్టి చదివినప్పుడల్లా నాకు గొంతు దిగదు.

మనవాళ్లలో కొందరు ఈమధ్య ఇక్కడ తుపాకులు కొంటున్నారు, "మన ఇల్లు, మన కోట" అంటూ. అర్ధరాత్రి మన యాసలో "హూ ఈజ్ ఇట్" అని అరిచే గోధుమరంగు మనిషి మాట జ్యూరీ ఎంతవరకు నమ్ముతుందో కొనేముందు ఒకసారి ఆలోచించుకోండి.

#11 కడప_కారం

బాబాయ్, దుడ్లు ఎవరు కట్నారు?

#12 హ్యూస్టన్_బాబాయి

ఊరు కట్టింది, అంటే పన్ను కట్టేవాళ్లు. బ్రియానా కుటుంబానికి లూయీవిల్ నగరం 1.2 కోట్ల డాలర్లు, తర్వాత వాకర్‌కు 20 లక్షల డాలర్లు. ఆవిడకు తగిలిన తూటాలు కాల్చినవాళ్ల మీద ఆ చావుకు కేసే లేదు. ఎవరికీ తగలకుండా కిటికీల్లోంచి పది రౌండ్లు కాల్చిన బ్రెట్ హ్యాంకిసన్‌కు 2025లో 33 నెలల జైలు పడింది. వారంటు కాగితంలో అబద్ధానికి సహకరించానని ఇంకో ఆఫీసరు 2022లో నేరం ఒప్పుకుంది. నో-నాక్ వారంట్లను లూయీవిల్ 2020 జూన్‌లోనే నిషేధించింది.

#13 ఓరుగల్లు_పిల్ల

బాబాయి గారూ, ఒక్క తేడా చెప్త. మీ దగ్గర అక్రమంగ సెర్చ్ చేసి తెచ్చిన సాక్ష్యాన్ని మామూలుగ కోర్టుల పక్కన పెడ్తరు, 1961ల మీ సుప్రీంకోర్టు తేల్చిన మ్యాప్ కేసు నుంచి అన్ని రాష్ట్రాలకూ ఇదే రూలు. మన దగ్గర 1973ల పూరన్ మల్ కేసుల సుప్రీంకోర్టు, సెర్చ్ అక్రమమైనా దొరికింది కేసుకు సంబంధం ఉన్నదైతే చాలు, సాక్ష్యంగ చెల్లుతదన్నది. అందుకే 185 కాగితం రాయకపోతే వాళ్లకు పోయేదేమీ లేదు. నా లెక్కల అసలు లొల్లంత గీడనే ఉన్నది.

గంజాయి కేసులల్ల కొంచెం నయం. ఎన్‌డీపీఎస్ (మత్తు పదార్థాల) చట్టం సెక్షన్ 50 కింద, మనిషి ఒళ్లు వెతికే ముందట గెజిటెడ్ ఆఫీసర్ లేదా మేజిస్ట్రేటు ముందు వెతికించుకునే హక్కున్నదని చెప్పాలె. చెప్పకపోతే ఆ దొరికిన సరుకు మీద శిక్ష నిలవదని 1999ల బల్దేవ్ సింగ్ కేసుల రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అయితే గది వెతికితే, బ్యాగు వెతికితే 50 వర్తించదు.

ఇంకోటి, రాత్రిపూట ఇంటికొచ్చి చూసిపోవుడు మీద సుప్రీంకోర్టు 1962లనే తీర్పిచ్చింది, ఖరక్ సింగ్ కేసు. చార్జిషీటు కూడా నిలవని మనిషి ఇంటికి యూపీ పోలీసులు అర్ధరాత్రి పోయి లేపి, ఉన్నడా లేడా అని చూస్తుండె. ఆ రూలును కోర్టు కొట్టేసింది. అరవై ఏండ్లు దాటింది, ఇంకా తలుపులు కొడుతనే ఉన్నరు.

#14 పాత_హెచ్‌సీ

బిడ్డా, చదువుకున్నదానివి, బాగ చెప్పినవ్. కాని అందరు ఒకటి మరుస్తున్నరు. దొంగ పోలీసులు. 2023 మేల సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌ల ఇన్‌కంటాక్స్ ఆఫీసర్లమని చెప్పి నగల దుకాణంల చొరబడి బంగారం ఎత్తుకపోయిన్రు. "ఆఫీసర్" అనంగనే చేతులు కట్టుకునే అలవాటు వల్లనే గది అయింది. గందుకే ఐడీ కార్డు అడుగుడు తప్పు గాదు. స్టేషన్‌కు ఫోన్ కొట్టి "మా ఇంటికి మీ టీమ్ వచ్చిందా" అని అడుగుడు గూడ తప్పు గాదు. అసలు పోలీసైతే రెండు నిమిషాలు ఆగుతడు. ఆగనోని మీదనే అనుమానం పెట్టుకోవాలె.

#15 కడప_కారం

రెండు నిమిషాలు ఆగిన ఎస్సైని మా పక్క ఎవరైనా చూసింటే చెప్పండి, సన్మానం చేద్దాం.

#16 మోడరేటర్

కడప గారూ, చాలు. రెండు పోస్టులు తీసేశాను: ఒకదాంట్లో ఒక స్టేషన్ సీఐ పేరు, నంబరు ఉన్నాయి. ఇంకోదాంట్లో పోలీసుల మీద కారం పొడి చల్లడం ఎలా అని ఉంది. అలాంటివి ఇక్కడ వద్దు.

#17 విజయనగరం_అమ్మ

బాబూ, మా అమ్మాయి హైదరాబాద్‌లో లేడీస్ హాస్టల్లో ఉంటోంది. ఇదంతా చదివాక నిద్ర పట్టేలా లేదు. రాత్రిపూట హాస్టల్‌కి వస్తే ఏం చెయ్యాలి? వార్డెన్ రమ్మంటే మా పిల్ల గదిలోకి వచ్చెయ్యొచ్చా?

#18 నల్లకోటు

అమ్మా, కంగారు పడకండి. సెర్చ్‌కు అనుమతించాల్సింది అక్కడ నివసించేవాళ్లు గానీ, ఆ స్థలం బాధ్యత చూసేవాళ్లు గానీ అని 103 అంటుంది, కాబట్టి వార్డెన్‌ను తలుపు తీయమని అడగొచ్చు. అయినా మీ అమ్మాయి దగ్గరుండి చూడొచ్చు, జాబితా అడగొచ్చు. ఒంటి మీద సోదా అయితే ఆడమనిషే చేయాలి, మర్యాదకు భంగం లేకుండా. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా ఆడవాళ్లను అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా పోలీసు అధికారి రాతపూర్వకంగా రిపోర్టు ఇచ్చి, ముందే మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. సాక్షిగా విచారించాలంటే ఉంటున్న చోటికే రావాలి, స్టేషన్‌కు రమ్మనకూడదు. ఈ నాలుగు మాటలూ ఫోన్లో రాసి పెట్టుకోమనండి. వీడియో తీయొచ్చా అని అడుగుతారు చాలామంది. వాళ్లే తీయాలని 105 అంటోంది కాబట్టి "మీరు రికార్డ్ చేస్తున్నారా సార్" అని మర్యాదగా అడగమనండి. ఆ ప్రశ్నకే సగం పద్ధతి దారికొస్తుంది.

#19 బ్యాచిలర్_గది

చాలా థాంక్స్ అందరికీ. ఇంకొక్కటి. పద్ధతి తప్పిన పోలీసు మీద మనం ఏదైనా చేయగలమా, లేక అన్నీ మనకేనా రూల్స్?

#20 నల్లకోటు

చేయగలరు, ఓపిక ఉంటే. దర్యాప్తు ఎలా చేయాలో చెప్పే చట్టాన్ని తెలిసి ఉల్లంఘించి ఒకరికి నష్టం చేస్తే బీఎన్ఎస్ 199 కింద ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు కఠిన శిక్ష ఉంది. మళ్లీ ఇక్కడా "తెలిసి" అనే మాటే. అడ్డుపడేది బీఎన్ఎస్ఎస్ 218. విధి నిర్వహణలో చేసిన పనికి, ప్రభుత్వ అనుమతితోనే తొలగించగల హోదా ఉన్న అధికారిని విచారించాలంటే ప్రభుత్వం ఒప్పుకోవాలి. ఇప్పుడు 120 రోజుల్లో ఏదీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క, ఇది పాత 197లో లేదు. హైకోర్టుకు రిట్ వేస్తే నష్టపరిహారం అడగొచ్చు. 1983 రుదుల్ షా, 1993 నీలబతి బెహెరా కేసుల నుంచి ఆ దారి ఉంది.

ఆత్మరక్షణ అని పోలీసులు చెప్పినప్పుడు మాత్రం లెక్క ఎందుకు మారాలి అన్న ప్రశ్న మన హైకోర్టే అడిగింది. 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం, ఎన్‌కౌంటర్ చావుల్లో ఎఫ్ఐఆర్ నమోదు కావాల్సిందేనని, ఆత్మరక్షణ అనేది విచారణలో రుజువు చేసుకోవాల్సిన వాదన అని చెప్పింది. సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2014లో సుప్రీంకోర్టే ఎన్‌కౌంటర్లకు ఎఫ్ఐఆర్, స్వతంత్ర దర్యాప్తు తప్పనిసరి అంటూ మార్గదర్శకాలు ఇచ్చింది. 2019 డిసెంబరులో చటాన్‌పల్లి దగ్గర దిశ కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోవడం అందరికీ గుర్తుంది. ఆయుధాలు లాక్కుని కాల్చారన్న పోలీసుల కథనాన్ని సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ నమ్మలేదు, పది మందిని హత్య కేసులో విచారించాలంది. బ్యాట్ పట్టిన కుర్రాడు తన భయాన్ని కోర్టులో రుజువు చేసుకోవాల్సిందే అయినప్పుడు తుపాకీ పట్టిన అధికారికి మినహాయింపు దేనికి?

#21 పాత_హెచ్‌సీ

మేడమ్, ఆ కేసు గురించి నేను ఏం మాట్లాడ. కాని మినహాయింపు వద్దన్న మాట నేను గూడ ఒప్పుకుంట. పద్ధతిగ పనిజేసెటోనికి కేసంటే భయమేంది?

#22 బ్యాచిలర్_గది

మేడమ్, మేజిస్ట్రేటు కోర్టులో ఆ 185 నకలు కోసం దరఖాస్తు పెడదామనుకుంటున్నాం. క్రైమ్ నంబరే (ఎఫ్ఐఆర్ నంబరు) తెలియదు కదా, ఏమని పెట్టాలి?

#23 నల్లకోటు

అక్కడ మొదలుపెట్టకండి. ముందు సమాచార హక్కు కింద కమిషనరేట్ పీఐఓకు (సమాచార అధికారికి) పెట్టండి. మూడే అడగండి: ఆ రోజు ఆ కాలనీలో తనిఖీకి ఇచ్చిన ఉత్తర్వు నకలు, ఆ రాత్రి స్టేషన్ జనరల్ డైరీ ఎంట్రీ, మీ గది సెర్చ్ వీడియో. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మొదటి అప్పీలు. ఉత్తర్వు లేదని జవాబొస్తే మీ రిట్‌కు అదే మొదటి కాగితం. దర్యాప్తుకు ఆటంకం అంటూ ఆ చట్టం సెక్షన్ 8(1)(హెచ్) చూపించి తోసిపుచ్చితే అప్పీలులో ఒక్కటే అడగండి, ఏ క్రైమ్ నంబరులో దర్యాప్తు అని. నంబరు ఇస్తే అది పట్టుకుని మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లొచ్చు. ఇవ్వలేకపోతే సెర్చే ఏ కేసులోనూ జరగలేదని వాళ్లే రాసిచ్చినట్టు.

#24 పాత_హెచ్‌సీ

తమ్ముడూ, అర్జీ స్పీడ్ పోస్టుల పంపు, చేతికియ్యకు. చేతికిస్తే ఎక్నాలెడ్జిమెంట్ రేపు రా అంటరు.